యంత్రానికి లొంగని లిపి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపటి నుంచి కంప్యూటర్ల లోకంలోకి వెళ్తారు. అందుకే ఇవాళ యంత్రానికి లొంగదనుకున్న చైనా లిపి గురించి మాట్లాడాలనుకున్నాను.

నూరేళ్ల కిందట ఆ లిపికి కాలం చెల్లిందని తీర్పు చెప్పింది అక్కడి మేధావులే. 1918లో భాషావేత్త ఛియెన్ షువాన్‌తుంగ్ దాన్ని పూర్తిగా వదిలేద్దామన్నారు. వేల అక్షరాలు నేర్వాలి, పేదవాడికి చదువు అందదు, టైపురైటర్‌లో ఇమడదు. తంతి పంపాలంటే ఒక్కో అక్షరానికి నాలుగంకెల సంఖ్య వెతకాలి. వాళ్ల బాధలో నిజముంది. అయితే మందు లిపిని మార్చడమేనా?

సాంస్కృతిక విప్లవ కాలంలో, 1968లో, షాంఘైలో జీ బింగ్యీ అనే ఇంజనీరును నిర్బంధించారు. జర్మనీలో డాక్టరేట్ చేసి వచ్చిన మనిషి. రాసుకోవడానికి కాగితం లేదు. టీ కప్పు మూత మీద అక్షరం రాసి, దాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక రోమన్ అక్షరం కేటాయించి, తుడిచేసి మళ్లీ రాసేవారు. చైనా అక్షరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆ పద్ధతి 1978లో లోకానికి తెలిసింది. ఆ మూతను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పెకింగ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు వాంగ్ షువాన్‌కు మరో చిక్కు ఎదురైంది. వేల అక్షరాల రూపాలను చుక్కలు చుక్కలుగా దాచాలంటే ఆనాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి చాలదు. ఆయన చుక్కలు మానేసి, అక్షరం అంచుల గీతలను గణితంగా మార్చి దాచారు. ఆ దారినే చైనా పత్రికలు సీసపు అచ్చులకు సెలవు చెప్పాయి.

1958లో చైనా మాటల ఉచ్చారణను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతి వచ్చింది. ఏదో ఒకనాడు పాత అక్షరాల చోటు అదే తీసుకుంటుందని ఆశించినవాళ్లున్నారు. ఈనాడు కోట్లమంది ఫోన్లో పిన్‌యిన్ కొడతారు, తెర మీద మాత్రం చైనా అక్షరమే వస్తుంది. చేత్తో రాయబోతే అక్షరం గుర్తురాక ఆగిపోయేవాళ్లు పెరిగారన్నదీ నిజమే. ఆ నష్టాన్ని నేను చిన్నదిగా చూడను. అయినా ఒకరి మాట ఒకరికి అర్థంకాని బీజింగ్ మనిషీ, క్వాంగ్‌చౌ మనిషీ ఒకే పత్రిక చదువుకోగలుగుతున్నారంటే అది ఆ లిపి చలవే. జపాన్ కూడా 2,136 చైనా అక్షరాలను నిత్యవాడుకకు నిర్ణయించుకుని నిలుపుకుంది. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో ఈ కుటుంబపు అక్షరాలు 90,000 దాటాయి.

యూనికోడ్ 1991లో వెలువడినప్పుడే తెలుగుకూ అందులో చోటు దక్కింది. మన వర్ణమాల అరవై దాటదు. అయినా మనం అమ్మకు పంపే సందేశాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నాం. తెలుగు కొట్టడం కష్టమంటాం. వాళ్లు వేల అక్షరాలకు దారి చేసుకున్నాక ఆ సాకు నాకు నచ్చదు.

కంప్యూటర్ చదివినవాళ్లు తెలుగుకు మంచి ఫాంట్లు, పాత పుస్తకాలను తప్పుల్లేకుండా చదివే సాఫ్ట్‌వేర్లు తయారుచేయండి. మిగిలినవాళ్లు ఈ సాయంత్రం ఇంటికి పంపే కబురు తెలుగు లిపిలో పంపండి.