‘పీడీ’ అంటే ఏ దోశ? బిల్లు మిషన్‌కి తెలుగు నేర్పిన కథ

ఈ రోజు ఫాంట్ల గురించి మాట్లాడుకుందాం. వెంటనే వీడియో ఆపేయకండి, ఇందులో దోశలు కూడా ఉన్నాయి.

నేను రోజూ సాయంత్రం తినేది బేగంపేటలో, ప్రకాశ్ నగర్ మెట్రో దగ్గర ఒక సందులో ఉన్న చిన్న టిఫిన్ సెంటర్లో. అమీర్‌పేట నుంచి రెండో స్టేషన్. మైత్రీవనం దగ్గర పైథాన్ కోర్సు చేసే రోజుల్లో అలవాటైంది, ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. నడిపేది ఒక అక్క. లోపల వంట చేసేది ఒక మాస్టర్, వయసులో మా నాన్నంత ఉంటాడు. శ్రీకాకుళం వైపు ఆయన.

పోయిన వానాకాలంలో అక్క ఒక బిల్లు మిషన్ కొంది. కౌంటర్లో కుర్రాడు ఐటెం నొక్కితే కస్టమర్‌కి బిల్లు వస్తుంది, లోపల వంటగదిలో ఇంకో చిన్న ప్రింటర్ నుంచి ఆర్డర్ చిట్టీ వస్తుంది. "తమ్మీ, నువ్వు కంప్యూటర్ చదివినవ్ గద, జర సెట్ చేసి పెట్టు" అంది. పెట్టాను. ఇంగ్లీషులో, షార్ట్‌కట్ పేర్లతో. పొడుగు పేర్లు పట్టవు కదా అని ప్లెయిన్ దోశకి ‘పీడీ’, పనీర్ దోశకి ‘పీఎన్‌డీ’, పేపర్ దోశకి ‘పీపీడీ’ అని పెట్టాను. చాలా తెలివిగా చేశాను అనుకున్నాను కూడా.

ఒక ఆదివారం సాయంత్రం ఫుల్ రష్. ఆరు ప్లెయిన్ దోశలు ఆర్డర్ వస్తే లోపలి నుంచి ఆరు పనీర్ దోశలు వచ్చాయి. ఆ కస్టమర్ తీసుకోలేదు. ఒక్కోటి 90 రూపాయలు, మొత్తం 540. అక్క చెడ్డది కాదు, కానీ ఆ రోజు కోపంలో ఆ 540 మాస్టర్ కూలిలోంచి కోసేసింది. నేను అక్కడే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూసి గట్టిగా కూడా అనలేదు. "తెలుగులో ఇస్తే తప్పెందుకు పోద్ది బాబూ?" అన్నాడంతే.

ఆ పేర్లు పెట్టింది నేను, డబ్బు పోయింది ఆయనకి. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్లి లాప్‌టాప్ తెరిచాను.

మొదటి ప్రయత్నం గురించి ఎక్కువ చెప్పను. ఐటెం పేరు తెలుగులో టైప్ చేసి ప్రింట్ కొట్టాను. వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. మర్నాడు అక్క చూసి, "ఏంది తమ్మీ, మిషన్ మనల్నే అడుగుతుందా?" అంది.

ఎందుకలా వచ్చిందంటే, ఈ చిన్న థర్మల్ ప్రింటర్‌లో కాగితం వెడల్పు 58 మిల్లీమీటర్లు. అందులో అచ్చు పడేది 48 మిల్లీమీటర్ల మేర. మిల్లీమీటర్‌కి 8 చుక్కలు, అంటే అడ్డంగా 384 చుక్కలు. ప్రింటర్ లోపల ఒక ఇంగ్లీషు ఫాంటు ఉంటుంది, ఒక్కో అక్షరం 12 చుక్కల వెడల్పు. 384ని 12తో భాగిస్తే 32. లైనుకి సరిగ్గా 32 గడులు, గడికో అక్షరం. ‘ఐ’ అనే సన్న అక్షరానికీ, ‘ఎమ్’ అనే లావు అక్షరానికీ ఒకే గడి. దీన్నే మోనోస్పేస్ అంటారు. మీరు కోడ్ రాసే ఎడిటర్లో, నల్లటి టెర్మినల్ స్క్రీన్ మీద చూసేది కూడా ఇదే రకం. నిలువు వరసలు తిన్నగా వస్తాయి, అంకెల కింద అంకెలు పడతాయి. బిల్లుకి కావాల్సింది అదే.

మరి తెలుగున్న మోనోస్పేస్ ఫాంటు పెట్టేస్తే సరిపోతుంది కదా? నేనూ అదే అనుకున్నాను. కోడింగ్‌కి అందరూ వాడే ఉచిత ఫాంట్లు చూశాను. డెజావు శాన్స్ మోనో, జెట్‌బ్రెయిన్స్ మోనో, నోటో శాన్స్ మోనో. రష్యన్ ఉంది, గ్రీకు ఉంది, తెలుగు లేదు. ‘నోటో’ అనే పేరే ‘నో టోఫు’ నుంచి వచ్చింది. అక్షరం లేనిచోట కనిపించే ఖాళీ డబ్బాని టోఫు అంటారు, అది కనపడకూడదని ఆ పేరు. నోటోలో తెలుగుకి మంచి ఫాంట్లే ఉన్నాయి, కానీ అవి గడుల లెక్క పాటించేవి కావు.

అప్పుడు దొరికింది గ్నూ యూనిఫాంట్. మీకు పేరు తెలియకపోయినా దీన్ని చూసే ఉంటారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఇంగ్లీషు కాని అక్షరాలు గరుకుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి చూశారా, అది ఇదే. లినక్సు ఆన్ అయ్యేటప్పుడు మొదట వచ్చే గ్రబ్ మెనూలో ఉండేదీ ఇదే. 1998లో రోమన్ జీబోరా అనే ఆయన మొదలుపెట్టాడు. తర్వాత పాల్ హార్డీ, ఇంకా ఎంతోమంది దాన్ని పెంచారు. యూనికోడ్‌లోని మొదటి 65,536 స్థానాల్లో అచ్చయ్యే ప్రతి గుర్తుకీ ఇందులో ఒక బొమ్మ ఉంది. తెలుగు, ఉర్దూ, ఒడియా, చైనీస్, అన్నీ ఒకే ఫాంటులో.

నాకు బాగా నచ్చింది దాని తయారీ. మొత్తం ఫాంటు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు! లైనుకో అక్షరం. ముందు దాని కోడ్ నంబరు, తర్వాత చుక్కల లెక్క. సన్న అక్షరం 8×16, మొత్తం 128 చుక్కలు. నాలుగు చుక్కలకి ఒక హెక్స్ అంకె చొప్పున 32 అంకెలు. వెడల్పాటిదైతే 16×16, అప్పుడు 64 అంకెలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక అంకె మారిస్తే చుక్కలు పోతాయి లేదా వస్తాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, లైసెన్సే అలాంటిది. ఫ్రీ అంటే డబ్బు కట్టనక్కర్లేదని మాత్రమే కాదు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచుకోవచ్చు.

ఆ ఫైల్లోంచి తెలుగు చుక్కలు తీసి, ఒక్కో కోడ్‌కి 16 చుక్కల గడి ఇచ్చి, బొమ్మగా ప్రింటర్‌కి పంపాను. తెలుగు వచ్చింది! రాత్రి ఒంటిగంటకి హాస్టల్ రూములో ఎగిరి గంతేశాను. పక్క మంచం వాడు తిట్టాడు.

మర్నాడు చిట్టీ మాస్టర్‌కి ఇచ్చాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. "ఇదేటి బాబూ, మా మనవడు గుణింతం రాసినట్టుంది" అన్నాడు.

నిజమే. ‘ప్లెయిన్’ అనే పదం ప, పొల్లు, ల, ఎత్వం, య, గుడి, న, పొల్లు, ఇలా ఎనిమిది ముక్కలుగా విడివిడిగా పడింది. మనం పలికేటప్పుడు ప్లె, యి, న్, మూడే. ‘స్త్రీ’ తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి ఒక్క ఆకారంగా కట్టే పనిని షేపింగ్ అంటారు. మీ ఫోన్లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అన్నింట్లో ఉన్నది అదే. మీరు వాట్సాప్‌లో ‘జ్ఞాపకం’ అని కొట్టిన ప్రతిసారీ వెనకాల ఎవరో అక్షరాలు కుడుతున్నారన్నమాట. యూనిఫాంట్ కుట్టదు, గుడ్డ ముక్కలు చేతికిస్తుంది.

కోపం రాలేదా అంటే వచ్చింది. తెలుగు మీద కాదు, గడి మీద. గడి అనేది టైప్‌రైటర్ కాలం నాటి లెక్క. కీ కొడితే క్యారేజీ ఒక అడుగు జరుగుతుంది. ఇంగ్లీషుకి సరిపోయింది. మనకేమో ‘ర’ చిన్నది, ‘ఝ’ పెద్దది, గుడి పైకెక్కుతుంది, వత్తు కిందికి దిగుతుంది, కొమ్ము పక్కకి జరుగుతుంది. యూనికోడ్ కూడా గుడినీ, ఏత్వాన్నీ చోటు తీసుకోని గుర్తులుగా, కొమ్మునూ సున్నానూ చోటు తీసుకునే గుర్తులుగా విడగొట్టి రాసింది. టెర్మినల్‌లో తెలుగు వంకరటింకరగా రావడానికి సగం కారణం ఈ లెక్కే.

మరి ఏం చేశాను? గడులు వదిలేసి చుక్కలు లెక్కపెట్టాను. మొత్తం 384 చుక్కలు ఉన్నాయి. కుడివైపు 64 చుక్కలు అంకెలకి, మోనోస్పేస్‌లో. మిగతా 320 తెలుగు పేరుకి, దాని ఇష్టం వచ్చినంత వెడల్పు. పేరు ఎంత పొడుగున్నా అంకెలు మాత్రం ఒకే నిలువు గీత మీద ఉంటాయి. ఎదర తెలుగు స్వేచ్ఛగా, చివర లెక్క తిన్నగా.

ఫాంటుకి మండలి తీసుకున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉంటుంది. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చిన యూనికోడ్ ఫాంట్లలో ఒకటి. రామభద్ర, మల్లన్న, సురవరం, ధూర్జటి కూడా అలా వచ్చినవే. అంతకుముందు కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. లినక్సులో కూడా తెలుగుకి అవి వాడేవారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు ఈ పని నెత్తిన వేసుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక్కడ మీలో పైథాన్ రాసేవాళ్లకి ఒక మాట. పిల్లో లైబ్రరీతో తెలుగు బొమ్మ చేస్తున్నప్పుడు అక్షరాలు విడిపోతుంటే కోడ్ తప్పు అని జుట్టు పీక్కోకండి. అందులో రాక్మ్ అనే భాగం ఆన్ అయి ఉందో లేదో చూడండి. అది ఉంటేనే హార్ఫ్‌బజ్‌ని పిలుస్తుంది. నాకు ఇది తెలియడానికి రెండు రాత్రులు పట్టింది.

ఎత్తు ఇంకో గొడవ. ఇంగ్లీషు లైనుకి 24 చుక్కల ఎత్తు చాలు. నేను అంతే ఇస్తే ‘ఉల్లి పెసరట్టు ఉప్మా’లో వత్తులన్నీ తెగిపోయాయి. లైనుకి 48 ఇచ్చాను. వెంటనే అక్క: "కాయిదం డబుల్ అయితుంది తమ్మీ!" వంటగది చిట్టీ మీద హోటల్ పేరు, ఫోన్ నంబరు ఎందుకు, మాస్టర్ ఏమైనా ఫోన్ చేస్తాడా? అవి తీసేశాను. లెక్క సరిపోయింది.

అంతా బాగుంది అనుకున్నాక నెలాఖరు లెక్కలో పనీర్ దోశ రెండు లైన్లలో వచ్చింది. ఒకచోట 112, ఇంకోచోట 41. పేరు ఒకటే, కంటికి ఏ తేడా లేదు. కౌంటర్ కుర్రాడే మధ్యలో ఏదో చేస్తున్నాడని అక్కకి అనుమానం. వాడి మొహం చూస్తే ఏడ్చేలా ఉన్నాడు. ఒకసారి మాస్టర్ విషయంలో నా తప్పుకి ఇంకొకరు కట్టారు, మళ్లీ అది జరగకూడదని నాకు పట్టుదల వచ్చింది.

రెండు పేర్ల పొడుగు చూశాను. ఒకదానిలో ‘పనీర్’ 5 కోడ్‌లు, ఇంకోదానిలో 6. ఆ ఆరోది ఏంటి? మండలిలో ప్రింట్ చేస్తే కనపడదు. అప్పుడు యూనిఫాంట్ గుర్తొచ్చింది. అందులో కనపడని గుర్తులకి కూడా చుక్కల గీతల డబ్బాలో పేరు రాసిన బొమ్మ ఉంటుంది. ప్రింట్ కొడితే ‘ర్’ పక్కన చిన్న డబ్బా ప్రత్యక్షమైంది: జీరో విడ్త్ నాన్ జాయినర్. అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. ‘అమీర్‌పేట’ అని రాయాలంటే అది కావాలి, లేకపోతే ‘అమీర్పేట’ అయిపోతుంది. పదం చివర మాత్రం దానికి పనిలేదు, కానీ కొన్ని కీబోర్డులు పొల్లు పెట్టగానే దాన్నీ వేసేస్తాయి. నేను లాప్‌టాప్‌లో ఒకలా కొట్టాను. కుర్రాడు పార్సిల్ ఆర్డర్ల కోసం వాళ్ల ఫోన్లో అదే పేరు కొట్టాడు. కంప్యూటర్‌కి అవి రెండు వేరే దోశలు.

ఈ కనపడని గుర్తు తక్కువది కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో ఇది ఇరుక్కున్న మెసేజ్ ఒకటి వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలేవి. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకున్న వారం అది.

నేను పేర్లు పోల్చేటప్పుడు మాత్రం ఆ గుర్తు తీసేసి చూడమని కోడ్ మార్చాను, ప్రింట్‌లో ముట్టుకోలేదు. 112కి 41 కలిస్తే 153, డబ్బు లెక్క సరిగ్గా కుదిరింది. ఆ డబ్బా ఉన్న చిట్టీని అక్కకి చూపించాను. ఆమె కుర్రాడిని ఏమీ అనలేదు, ఒక టీ ఇప్పించింది. మాస్టర్ 540 మాత్రం నేను అడిగాకే ఇచ్చింది, అది కూడా రెండు విడతల్లో.

ఇప్పుడు వంటగదిలోకి ఒడిశా నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. మాస్టర్ సెలవు పెట్టిన రోజు చిట్టీలు వాడి చేతికే వెళ్తాయి. అందుకని తెలుగు పేరు కింద ఒడియా కూడా వేస్తున్నాను. నోటోలో ఒడియా ఫాంటు ఉంది, అక్షరాలు కలవడం కూడా బాగానే వస్తోంది. స్పెల్లింగులే నాకు తెలియవు. నిన్న రాత్రి షాపు కట్టేశాక ఆ అబ్బాయి నా పక్కన కూర్చుని స్క్రీన్ మీద వేలు పెట్టి సరిచేశాడు. ఇడ్లీ, పూరీ అయ్యాయి. పెసరట్టు దగ్గర ఆగాం. ఈ రోజు మళ్లీ వెళ్లాలి. ఉంటాను మరి.