వెళ్ళివచ్చెదనను మాట

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

 

"మీరు విదేశమున ఒక సెమిస్టరు చదివి వచ్చినారు గదా; అచ్చట సెలవు పుచ్చుకొని యింటికి చేరిన వృత్తాంతము మా పిల్లలకు చెప్పవలెను" అని కార్యదర్శిగారు జాబు వ్రాసిరి. మొదట నాకు నవ్వు వచ్చినది. నాలుగు నెలల చదువు ఒక చదువా, దానికొక ఉపన్యాసమా అనుకొంటిని. కాని మన కాలనీల పిల్లలు కూడ ఇప్పుడు అట్లే ఒక్కొక్క సెమిస్టరు చదువుటకై విదేశములకు పోవుచున్నారని వినిన పిమ్మట, వారితో చెప్పదగిన మాట యొకటి నాకడ ఉన్నదని తోచినది. అది చదువును గూర్చినది కాదు, సెలవు పుచ్చుకొనుటను గూర్చినది.

నేను ఈ ఊరి బిడ్డను. మా తాతగారు శ్రీకాకుళము ప్రాంతము నుండి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగు పనికి కుదిరిరి. మా తండ్రిగారు ఇంజను డ్రైవరుగా పదవీ విరమణ చేసిరి. నేను ఇచ్చటనే బి.ఏ. చదివి, ఢిల్లీలో కేంద్ర సచివాలయమున ఉద్యోగమున చేరితిని. 2017లో, నా ముప్పదియెనిమిదవ యేట, మా శాఖవారు పరిపాలనా శాస్త్రమున ఒక సెమిస్టరు చదువుటకు నన్ను ఐర్లండు రాజధానియగు డబ్లిన్‌కు పంపిరి. సెప్టెంబరులో పోయి, డిసెంబరులో పరీక్షలు వ్రాసి తిరిగి వచ్చితిని.

అచ్చటి ఆచారములలో ఒకటి నా మనస్సున నాటుకొన్నది. సిటీ బస్సు దిగువారు, పిల్లలు గాని వృద్ధులు గాని, డ్రైవరుతో "మీకు కృతజ్ఞతలు" అని చెప్పి మరి దిగుదురు. మొదటి దినమున అది చూచి, వీరందరును ఆయనకు పరిచయస్థులు కాబోలు ననుకొంటిని. పిదప అది ఊరి మర్యాద యని తెలిసినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తండ్రిగారు ముప్పదియేండ్లకు పైగా రాత్రింబవళ్ళు బండ్లు నడిపిరి. లక్షల జనులను గమ్యము చేర్చిరి. ప్లాట్‌ఫారము మీద దిగినవారిలో ఒక్కరైనను ఇంజను వంక తిరిగి చూచి ఆయనకొక మాట చెప్పగా నేను చూడలేదు. ఇతరుల మాట యేల? నేనును ఎన్నడు చెప్పలేదు.

చివరి వారమున ప్రయాణ సన్నాహము మొదలైనది. గ్రంథాలయపు పుస్తకములు అప్పగించుట, గది తాళపుచెవి యిచ్చుట, ప్రెషరు కుక్కరును మిగిలిన కందిపప్పును తరువాత వచ్చిన తెలుగు విద్యార్థికి ఒప్పజెప్పుట, పెట్టె బరువును ఇరువదిమూడు కిలోలకు తగ్గించుట - ఇవన్నియు కాగితముపై వ్రాసికొని ఒక్కొక్కటి కొట్టివేయుచు వచ్చితిని. సచివాలయపు అలవాటు అట్టిది. కాని ఆ కాగితముపై మనుష్యుల పేరు ఒక్కటియు లేదు. మా వసతిగృహమున మెట్లు తుడిచెడి వృద్ధురా లొకామె ఉండెడిది. చలి మొదలైన దినములలో నా పలుచని కోటు చూచి, తన కుమారుని పాత ఉన్ని కోటు తెచ్చి యిచ్చిన తల్లి. ప్రయాణమునకు ముందు దినమున ఆమెయే నా గది వాకిట నిలిచి, "పోవుచున్నావట! నాకు చెప్పనే లేదే!" అనెను. నాకు మాట రాలేదు. ఏలయన, ఆ మాట అంతకు పూర్వమే ఇంకొకరు నన్ను అడుగవలసినది.

ఆ కథ చివర చెప్పెదను. అంతకుముందు డబ్లిన్‌లోనే జరిగిన మరియొక వీడ్కోలును తలచుకొనవలెను.

ఆ సాయంకాలము, నాలుగు గంటలు దాటగానే ప్రొద్దు గ్రుంకెడి ఆ ఊరిలో, ఎర్ల్స్‌ఫోర్ట్ టెర్రేస్ అను వీథికి నడచిపోతిని. అచ్చటి పెద్ద కట్టడము ఇప్పుడు సంగీత సభామందిరము. నూరేండ్ల క్రిందట అది డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల. మన వరాహగిరి వేంకటగిరిగారు అందు చదివిరి. 1894లో బరంపురమున జన్మించిన గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు 1913లో డబ్లిన్ చేరిరి. ఆ సంవత్సరమే ఆ నగరమున రవాణా కార్మికులకును యజమానులకును గొప్ప పోరాటము జరిగినది. వేలకొలది కార్మికులు పనికి దూరమై నెలల తరబడి పస్తులున్నారు.

గిరిగారు ఒక వంక కింగ్స్ ఇన్స్ అను న్యాయవాదుల సంస్థలో న్యాయశాస్త్రమును, వేరొక వంక కళాశాలలో బి.ఏ. పాఠములను చదువుచుండిరి. ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయుడు థామస్ మక్‌డొనా. 1916 ఏప్రిల్ 24వ తేదీన ఐరిష్ దేశభక్తులు డబ్లిన్‌లో తిరుగుబాటు లేవదీసి స్వాతంత్ర్యమును ప్రకటించిరి. ఆ ప్రకటనపై చేవ్రాలు చేసిన ఏడుగురిలో మక్‌డొనా యొకడు. మే 3వ తేదీన ఆయనను తుపాకులతో కాల్చి చంపిరి. భారతీయ విద్యార్థులపై పోలీసుల నిఘా పెరిగినది, గదులు సోదా చేసిరి. నెల దినములలో ఐర్లండు విడిచిపోవలెనని జూన్ 1వ తేదీన గిరిగారికి నోటీసు అందినది. జూన్ 21వ తేదీన న్యాయవాదిగా నమోదైరి. బి.ఏ. మాత్రము పూర్తి కాలేదు. పాఠము చెప్పిన గురువునకు నమస్కరించి "వెళ్ళివచ్చెదను" అని చెప్పు భాగ్యము ఆయనకు లేకపోయినది. ఆ గురువే లేడు.

ఇరువదిరెండేండ్లైనను నిండని ఆ యువకుడు సగము చదువుతో ఇంటికి వచ్చెను. ఏమి తెచ్చెను? మద్రాసు హైకోర్టులో న్యాయవాదియై, బరంపురమున మంచి సంపాదన గల వృత్తి నేర్పరచుకొనెను. 1920లో గాంధీమహాత్ముని పిలుపు విని దానిని వదలెను. పిదప ఎవరికడకు పోయెను? రైల్వే కార్మికుల కడకు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యను స్థాపించినవారిలో ఒకడయ్యెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును నిర్మించెను. 1927-28 ప్రాంతమున ఉద్యోగముల నుండి తొలగింపబడిన కార్మికుల పక్షమున అహింసాయుతముగ సమ్మె నడిపి, కంపెనీవారిని దిగివచ్చునట్లు చేసెను.

సభ్యులారా! బెంగాల్ నాగపూర్ రైల్వే యనగా మరెవరో కాదు, మన తాతలు. 1887లో ఆ కంపెనీ ఏర్పడినది. 1891 నాటికి నాగపూరు నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు దారి పడినది. గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి మనవారు పలుగు పారలతో ఈ దారి వెంబడి వచ్చిరి. 1955లో అది ఆగ్నేయ రైల్వేయై, 2003లో ఈ బిలాస్‌పూరే ఒక ప్రత్యేక రైల్వేకు కేంద్రస్థానమైనది. డబ్లిన్‌లో చేసిన అప్పును గిరిగారు డబ్లిన్‌లో తీర్చలేదు. గురువు లేడు, తిరిగి చూడనీయని ప్రభుత్వము. కావున ఆ అప్పును మన తాతలకు తీర్చిరి. 1969లో రాష్ట్రపతియైన వానిని గొప్పవాడని అందరును స్తుతింతురు. నాకు మాత్రము ఆయన ఇంటికి తిరిగి వచ్చిన విధము గొప్పదిగా తోచుచున్నది.

ఇట్లు తలపోయుచు మరునాడు విమానమెక్కితిని. గల్ఫు దేశమున విమానము మారి ఢిల్లీ చేరితిని. రెండు దినములు ఆఫీసు పని చూచుకొని, గోండ్వానా ఎక్స్‌ప్రెస్‌లో బిలాస్‌పూర్‌కు బయలుదేరితిని. నాగపూరు, గోండియా దాటి డొంగర్‌గఢ్ కొండ కనబడగానే ఇల్లు చేరినట్లే యుండును. కాని ఈ పర్యాయము మనస్సు తేలికపడలేదు. ఆ వృద్ధురాలి ప్రశ్న నాతోకూడ ప్రయాణము చేయుచుండెను.

బిలాస్‌పూర్ స్టేషనును గూర్చి రవీంద్రనాథ ఠాగూరు వ్రాసిన కవిత యొకటి కలదు. 1918లో వెలువడిన "పలాతక" సంపుటములోని "ఫాకి" అను కవిత అది. జబ్బుతో నున్న భార్య బీనూను గాలి మార్పునకు తీసికొనిపోవుచు భర్త ఇచ్చట రైలు మారును. ఆ కొద్ది గంటలలో బీనూకు రుక్మిణి యను కూలివాని భార్యతో స్నేహమగును. రుక్మిణి కూతురి పెండ్లికి ఇరువదియైదు రూపాయలు కావలెను. ఇమ్మని బీనూ కోరును. భర్త రెండు రూపాయలిచ్చి పంపివేసి, భార్యను నమ్మించును. రెండు నెలలకు బీనూ కన్నుమూయును. పశ్చాత్తాపముతో ఆ బాకీ తీర్చుటకు భర్త బిలాస్‌పూర్ వచ్చి వెదకును. రుక్మిణి ఎచ్చటికి పోయెనో చెప్పువారు లేరు.

ఆ కవిత నేను బి.ఏ. చదువునాడే చదివితిని. నా కథయే అని తెలియుటకు డబ్లిన్ పోయి రావలసి వచ్చినది.

మా క్వార్టరు ప్రక్కన ఒక గ్యాంగుమన్ కుటుంబముండెడిది. ఆయన భార్యను నేను అత్తా యని పిలిచెడివాడను. నా ఉద్యోగపు ఇంటర్వ్యూకు ఢిల్లీ పోవలసిన దినమున మా అమ్మ ఆసుపత్రిలో, నాన్నగారు లైను మీద. చేత పైకము లేదు. అత్త తన వెండి మురుగులు కుదువపెట్టి అయిదు వందల రూపాయలు తెచ్చి, పులిహోర పొట్లముతో సహా నా చేతిలో పెట్టెను. ఉద్యోగము వచ్చినది. ఉత్తర్వు అందిన మరునాడే బండి ఎక్కితిని. పైకము పంపవచ్చు ననుకొంటిని. చెప్పి పోవుటకు ప్రక్క వాకిలి వరకు నడువలేదు. పదునైదేండ్లు గడచినవి.

బిలాస్‌పూర్‌లో దిగి, స్నానమైనను చేయక ఆ క్వార్టరుకు పోతిని. వేరొకరు కాపురమున్నారు. మామ పదవీ విరమణ చేసి, బొబ్బిలి దగ్గరి స్వగ్రామమునకు పోయిరట. నా గుండె ఝల్లుమన్నది. అయినను కవితలోని భర్త కంటె నేను అదృష్టవంతుడను. ఊరి పేరు చెప్పువారు దొరికిరి. మరునాటి సాయంకాలము కోర్బా నుండి విశాఖపట్టణము పోవు బండి ఎక్కి, రాయపూర్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా ప్రయాణము చేసి, మరునాడు ఉదయమున బొబ్బిలిలో దిగితిని.

అత్త వాకిట కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. నన్ను చూడగానే గుర్తుపట్టెను. "తిన్నావేటి బాబూ?" అనునదే మొదటి మాట. నేను పైకము ముందుంచితిని. ఎక్కువ యిచ్చిన తీసికొనలేదు. అయిదు వందలు లెక్కపెట్టి కొంగున ముడివేసికొని, మిగిలినవి నా చేతిలో పెట్టెను. పిమ్మట నా ముఖము చూచి, "బాకీ తీరిపోనాది. మరి ఎల్లొత్తానని సెప్పకుండ ఎల్లిపోనావు గదా, దానికేటి సెప్తావు?" అని అడిగెను.

అయ్యా, పదునైదేండ్లుగా ఆమె మనస్సున నిలిచినది పైకము కాదు. ఆ ఒక్క మాట.

మన భాషలో సెలవు పుచ్చుకొనువాడు "పోవుచున్నాను" అనడు. అట్లనుట అశుభము. "వెళ్ళివచ్చెదను" అనును. గడప దాటకముందే తిరిగివచ్చుటకు మాట యిచ్చును. మన తాతలు తమ తల్లులకు అట్లే చెప్పి ఈ ఊరికి వచ్చిరి. ఎందరో తిరిగి పోలేకపోయిరి. ఆ మాట తీరని బాకీగా వారి మనస్సులలో నుండుటచేతనే, కాబోలు, ఇచ్చట తమ పిల్లలకు తెలుగు నేర్పిరి. పండుగలు చేసిరి. మన మీ దినము ఇట్లు కూడుకొనుటయు అందుచేతనే.

విదేశములకు పోవు చిరంజీవులారా! పరీక్షలు మీరు బాగుగనే వ్రాయుదురు. పెట్టె సర్దుటయు మీకొకరు నేర్పనక్కరలేదు. నేను కోరునది ఇంతే. మీ ప్రయాణపు కాగితములో సామానులకంటె ముందు మనుష్యుల పేర్లు వ్రాయుడు. మీకు పాఠము చెప్పినవారిది, వంటగది పంచుకొన్నవారిది, మెట్లు తుడిచినవారిది. ఒక్కొక్కరి వాకిటికి నడచిపోయి చెప్పి రండు. తిరిగి వారికడకు పోలేకపోయినను, వారి యప్పును ఇచ్చట వేరొకరికి తీర్చవచ్చునని గిరిగారు చూపినారు. తల్లిదండ్రులారా! పిల్లలు దిగగానే ఏమి తెచ్చినారని అడుగకుడు. ఎవరెవరితో చెప్పి వచ్చినారని అడుగుడు.

ఆ దినము బొబ్బిలిలో, బస్సునకు వేళయగుచుండగా, అత్త గడప దగ్గర నిలిచి, "ఎల్లొత్తాను అత్తా" అని ఆమె భాషలోనే చెప్పితిని. "రా బాబూ" అనెను. మాట యిచ్చినందున, ప్రతి సంవత్సరము సంక్రాంతికి ముందు ఒక దినము బొబ్బిలిలో దిగుచున్నాను.

 రేపటి బండికి ఢిల్లీ పోవలసియున్నది. వెళ్ళివచ్చెదను.