పేరు లేని పేపర్

 

వానాకాలం వస్తే హాస్టల్లో నాకు సరిగా నిద్ర పట్టదు. ఏ పాపకు ఒళ్లు వేడెక్కినా ముందు మలేరియానే గుర్తొస్తుంది. ఏఎన్‌ఎం వచ్చి వేలి మీద గుచ్చి రక్తం పరీక్ష చేస్తుంది. ఫాల్సిపారం అని తేలితే ఏసీటీ మాత్రలు ఇస్తారు. ఆ మాత్రల్లోని ముఖ్యమైన మందుకు మూలం ఆర్టెమిసినిన్. దాన్ని కనిపెట్టినావిడ గురించి ఈరోజు చెబుతాను.

ఆమె తూ యూయూ. 1930లో చైనాలో పుట్టారు. డాక్టరేట్ లేదు, విదేశాల్లో చదవలేదు, తమ దేశపు సైన్స్ అకాడమీలో సభ్యత్వమూ లేదు. వియత్నాం యుద్ధకాలంలో మలేరియాకు మందు వెతికే రహస్య పథకం ఒకటి చైనాలో నడిచింది. 1969లో ఆమెను అందులో వేశారు. ఆమె పాత వైద్య గ్రంథాలు తిరగేశారు, నాటు వైద్యులను అడిగారు, 2,000కు పైగా మందుల వివరాలు పోగుచేశారు.

వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. సుమారు 1,600 ఏళ్ల కిందటి పుస్తకంలో ఆ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు. అంటే వేడికి గుణం పోతోందేమో! ఆమె తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా పోగొట్టింది. 1972లో రోగులకు ఇచ్చే ముందు తానే తీసుకుని చూశారు.

ఇప్పుడు అసలు సంగతి. పరిశోధకులకు ఒక లెక్క ఉంది. ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారు అని. ఆ ప్రస్తావననే సైటేషన్ అంటారు. 1977లో ఈ మందు మీద పేపర్ వచ్చింది కానీ, దాని మీద బృందం పేరే ఉంది. ఒక్క మనిషి పేరూ లేదు. అప్పుడక్కడ అదే పద్ధతి. ఇక ఎంతమంది ప్రస్తావిస్తే మాత్రం ఆమెకు చేరేదెలా? మందు లోకమంతా తిరిగింది, మనిషి తెలియలేదు. చివరికి అమెరికాలోని ఇద్దరు పరిశోధకులు పాత కాగితాలు వెతికి, 2011లో ఆమె పాత్రను రాశారు. ఆ ఏడాదే లాస్కర్ అవార్డు, 2015లో నోబెల్ వచ్చాయి.

మా హాస్టల్లో చదివి ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, మా అమ్మమ్మ చెప్పిన చెట్టుమందు ఒక పేపర్లో ఉంది. మా ఊరి పేరుంది, అమ్మమ్మ పేరు లేదు" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. అమ్మమ్మ చనిపోయి రెండేళ్లయింది.

అందుకే అడుగుతున్నా. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. మొక్కకు మన భాషలో పేరు, ఏ భాగం వాడతారు, పచ్చిదా కాచిందా, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే బయటివాళ్లకు చూపించండి. జ్వరమొస్తే మాత్రం ముందు రక్తపరీక్ష, తర్వాతే ఏదైనా. తూ యూయూ కూడా పాత మాటను పరీక్షించాకే నమ్మారు.

రేపు మీలో ఎవరైనా పేపర్ రాస్తే, అందులో మీ పేరు పక్కన మీ అవ్వ పేరు కూడా ఉండాలి. జోహార్.