దసరాకి నారు, సంక్రాంతికి పువ్వు



ఈవేళ పెరటితోట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. గోంగూర, తోటకూర, ఆనపపాదు మన ఇళ్ళకి కొత్త కాదు. వాటిని ఎప్పుడు వెయ్యాలో ఒకరు చెప్పనక్కర్లేదు. నేను చెప్పబోయేది బ్రోకలీ సంగతి. చూడ్డానికి కాలీఫ్లవర్ లాగే ఉంటుంది, రంగు మాత్రం ముదురాకుపచ్చ. బజార్లో కనిపిస్తుంది గానీ ధర వినగానే చాలామందిమి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఇంట్లోనే పండించుకుందామని విత్తనాల ప్యాకెట్టు కొంటాం. అసలు చిక్కు అక్కడే. ఎప్పుడు వెయ్యాలి?

ఆ ప్రశ్న వేసుకోకుండా విత్తనం వేసినదాన్ని నేను. హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి సంక్రాంతికి వచ్చి, "బ్రోకలీ వండి పెట్టవే అమ్మా" అంది. పండగ వెళ్ళగానే నారు పోశాను. ఫిబ్రవరిలో నాటాను. మొక్కలు ఏపుగా పెరిగాయి. తీరా పువ్వు నిమ్మకాయంత కట్టిందో లేదో, విచ్చిపోయి పచ్చగా పూసి కూచుంది. వేసవి సెలవులకి వచ్చిన పిల్లకి ఏం చూపించను? మా అత్తగారు ఒక్క చూపు చూసి, "ఇది ఆవమొక్కకి చుట్టంలా ఉందే అమ్మాయ్!" అన్నారు.

ఆవిడ అన్నది నిజమేనండి. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ అన్నీ ఒకే కుటుంబం. బ్రోకలీలో మనం తినేది విచ్చని మొగ్గల గుత్తి. చలి ఉన్నన్నాళ్ళూ ఆ మొగ్గలు బిగువుగా ఉంటాయి. ఎండ ముదిరితే ఆవపువ్వుల్లాగే విచ్చుకుంటాయి.

మరి కాలీఫ్లవర్ మనకి బాగానే పండుతోందిగా అంటారేమో. అదీ చలిదేశం నుంచి వచ్చిందే. 1822లో ఇంగ్లండు నుంచి విత్తనం తెచ్చి సహారన్‌పూర్ కంపెనీ తోటలో వేశారు. తరవాత ఉత్తరాది రైతులు తరాల తరబడి, వేడికి ఓర్చుకున్న మొక్కల్నే విత్తనానికి వదులుతూ వచ్చారు. అందుకే ఈనాడు మన వేడికి తట్టుకునే రకాలున్నాయి. బ్రోకలీకి ఆ అలవాటు ఇంకా అంతగా కాలేదు. అంచేత మనమే దాన్ని చలికి అందేలా చూసుకోవాలి.

మన గోదావరి డెల్టాలో చలి ఎన్నాళ్ళు? ధనుర్మాసం ముగ్గుల రోజులు, ఆ చుట్టుపక్కల మరికొన్నాళ్ళు. రాత్రులు 20 డిగ్రీల కిందికి దిగేది అప్పుడే. పువ్వు కట్టడం ఆ రోజుల్లో పడాలి. "కోత నుంచి వెనక్కి లెక్కపెట్టు" అన్నారు అత్తగారు. పంచాంగం ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

సంక్రాంతికి పువ్వు కొయ్యాలి. ప్యాకెట్టు మీద రాసే 60, 70 రోజులు సాధారణంగా నాటిన నాటి నుంచి లెక్క. ఆ లెక్కన దీపావళికి నాటాలి. నాటేటప్పటికి నారు వయసు 25 నుంచి 30 రోజులుండాలి. అంటే శరన్నవరాత్రుల పాడ్యమి నాడు నారు పోస్తే దీపావళి అమావాస్యకి సరిగ్గా సిద్ధమవుతుంది. 2025లో లాగా ఆ పాడ్యమి సెప్టెంబరులోనే వచ్చేస్తే, విజయదశమి దాకా ఆగండి. విత్తనం కొనేటప్పుడు తక్కువ రోజుల రకమే అడగండి. 90, 100 రోజులది అయితే కోత సంక్రాంతి దాటిపోతుంది.

మనకి ఇంకో భయం కూడా ఉంది, తుఫాను. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమని అతలాకుతలం చేసినప్పుడు నేను పదో తరగతి. మనుషులూ ఇళ్ళూ పోయిన చోట కూరమొక్కల మాట ఎత్తడం భావ్యం కాదు. అయితే మన నాట్ల వేళా, గాలివానల వేళా ఒకటేనని ఆనాటి నుంచి నాకు మనసులో నాటుకుపోయింది. అందుకని నారు నేలమీద పొయ్యను. అడుగున చిల్లులున్న కుండీల్లో పోసి, జోరువానకి అరుగు మీదికి చేరుస్తాను. అంతా ఒకేసారి నాటకుండా సగం నారు వారం రోజులు దాచుకుంటాను. మొదటి సగం కుళ్ళిపోయినా ఏడాది పోదు.

నాటే చోట నీరు నిలవకూడదు. జానెడెత్తు బోదె చేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడం ఉంచి సాయంత్రం పూట నాటండి. చుట్టూ ఒక వరస ఆవాలు చల్లండి. పచ్చపురుగు పెట్టే రెక్కల పురుగు ముందు వాటిమీదే వాలుతుంది. ఆకుల్లో పురుగు కనిపిస్తే ఏరెయ్యండి, వేపగింజల కషాయం చల్లండి.

మొగ్గలు బిగువుగా ఉండగానే జానెడు కాడతో కొయ్యండి. ఇంకా పెద్దదవుతుందని ఆశపడితే ఒక్క ఎండకి విచ్చిపోతుంది. మొక్క పీకెయ్యకండి, పక్కల నుంచి చిన్న చిన్న పువ్వులు ఇంకొన్ని వస్తాయి. వండేముందు కాసేపు ఉప్పునీళ్ళల్లో ఉంచితే లోపలి పురుగు పైకి తేలుతుంది.

మరుసటి ఏడు భోగినాడు మా అమ్మాయి తన చేత్తో తొలి పువ్వు కోసింది. బజారు పువ్వంత లేదు, అరచేతిలో పట్టేంతే. అత్తగారు దానికి ఆవ పెట్టి కూర చేశారు. "చుట్టాలిద్దర్నీ కలిపాను" అని నవ్వారు.

ఈసారి దసరా బొమ్మలు తీసేటప్పుడు విత్తనాల ప్యాకెట్టు కూడా పైకి తియ్యండి. సెలవు.