అమ్మమ్మకి ఏం ఇష్టం?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహారం, స్త్రీల హక్కులు అన్న అంశం మీద మాట్లాడమన్నారు. పత్రం రాసుకొచ్చాను గానీ దాన్ని పక్కన పెట్టి మా అమ్మమ్మ గురించి చెప్తాను.

భోగాపురం దగ్గర పల్లెలో అమ్మమ్మ చనిపోయిన పదకొండో రోజు. ఆకులో అన్నీ వడ్డించి పిట్టకి పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవి పెట్టడం ఆచారం. తాతయ్య పోయినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. వేటమాంసం, గారెలు, చుట్ట అని ఊరందరికీ తెలుసు. అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దమావయ్య అరిసెలన్నాడు. అరిసెలు ఆయనకిష్టం. మా అమ్మ పనసపొట్టు కూర అంది. అది అమ్మమ్మ బాగా వండేది, తినగా మేమెవరం చూడలేదు.

నేను సోషియాలజీలో డాక్టరేటు చేసినదాన్ని. ఇంట్లో తిండి పంపకం నా పరిశోధనలో ఒక అధ్యాయం. ప్రశ్నావళి తయారు చేసుకుని మొట్టమొదట అడిగింది అమ్మమ్మనే. "ఇంట్లో ఆఖర్న ఎవరు తింటారు?" అంటే "వొండినోలు కాక ఇంకెవులు తింతారే?" అని నవ్వింది. నేను గడి నింపేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. ఏం తింటావు, ఏం తినాలనుంటుంది అన్నదానికి నా ఫారంలో గడి లేదు. ఆ అధ్యాయాన్ని పరీక్షకులు మెచ్చుకున్నారు కూడా.

చివరికి చెప్పింది ఇంటివాళ్లు కాదు. జీడిమామిడి తోటల్లో అమ్మమ్మతో ఏళ్ల తరబడి పిక్కలేరిన ఒకామె, వాకిట్లో కూర్చుని ఉంది. "చల్ది చోడంబలి, నిప్పులమీద కాల్చిన నెత్తళ్లు, ఉల్లిపాయ. తోటలో కూకుని నిదానంగా తినేది. ఇంటికాడ ఎక్కడ తింతాది, అందరికీ పెట్టాల గదా" అంది.

అంటే మా అమ్మమ్మ ఇష్టంగా తిన్న తిండి ఇంటి బయట ఉంది. ఆ నెత్తళ్లు ముక్కాం నుంచి గంపల్లో తెచ్చే ఆడవాళ్ల దగ్గర చోళ్లిచ్చి తీసుకున్నవి. ఎండల్లో పిక్కలేరితే, కూలి కొంత డబ్బుగా, కొంత పిక్కలుగా వచ్చేది. ఆ పిక్కలు కాల్చి కొట్టేటప్పుడు జీడి కారి వేళ్లు పొక్కిపోయేవి. చిన్నప్పుడు నా జుట్టు దువ్వుతుంటే ఆవిడ వేళ్లు గరుగ్గా తగిలి విసుక్కునేదాన్ని. ఎందుకలా ఉన్నాయో అడిగిన గుర్తు లేదు.

అంబలిని నేను ఇక్కడ పొగడబోవడం లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు, రెండు పూటలా వరన్నం వండుకున్నామని ఎంతో సంబరంగా చెప్పేది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఇప్పుడు విశాఖ బీచిలో పొద్దున నడకకొచ్చినవాళ్లు ఆరోగ్యం కోసం అదే అంబలి కొనుక్కుని తాగుతున్నారు. తాగనివ్వండి. కానీ గతి లేక తాగిన అంబలీ, తోటలో ఎవరికీ వడ్డించనక్కర్లేకుండా తాగిన అంబలీ అమ్మమ్మకి ఒకటి కావు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ చుట్టుపక్కల తోటల్లో చాలా భాగం ఇప్పుడు లేదు. విమానాశ్రయానికి భూసేకరణ 2015లో మొదలైంది. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. సుమారు 2,200 ఎకరాలు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాళ్లు ఊళ్లకి ఊళ్లే కదిలిపోయారు. 2013 భూసేకరణ చట్టం భూమి ఉన్నవాళ్లనే కాదు, మూడేళ్లుగా ఆ భూమి మీద పని చేసి బతికే కూలీలనీ కౌలుదార్లనీ బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్లనీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనీ విడి కుటుంబాలుగా లెక్కిస్తుంది. చాలామంది కార్యకర్తలకే ఈ సంగతి తెలియదు. చట్టంలో మాట బాగానే ఉంది. అయితే పిక్కలు కూలిగా తీసుకున్న మనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? చెట్టుకి లెక్కగట్టి పరిహారం ఇస్తారు. చెట్టు కింద వంగి ఏరిన ఆడమనిషి ఆ లెక్కలోకి రావాలంటే ఎవరైనా సాక్ష్యం చెప్పాలి.

మీరు సర్వేలకి వెళ్తారు. "ఏం పని చేస్తారు?" అని అడిగితే మన ఆడవాళ్లు "ఇంటికాడే ఉంటాను" అంటారు. "మధ్యాహ్నం ఏం తిన్నారు, అదెక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడ కూర్చుని తిన్నారు, పక్కన ఎవరున్నారు" అని అడిగి చూడండి. తోట పేరు, మేస్త్రి పేరు, కూలి, సాక్షులు, అన్నీ బయటికొస్తాయి. ఈ నాలుగు ప్రశ్నలూ నేను నేర్చుకున్నది అమ్మమ్మ పదకొండో రోజున, ఆవిడకి ఉపయోగపడని సమయంలో.

ఆ రోజు అంబలి కాచి చల్దిచెయ్యడానికి వ్యవధి లేదు. పక్కింటావిడ తన కుండలోంచి ఒక గ్లాసు పోసిచ్చింది. నెత్తళ్లు నేనే కాల్చాను, సగం మాడ్చాను. మావయ్య మాట కాదనలేక అరిసెలూ పెట్టాం.

కాకి వచ్చిందా అని ఇందాక టీ దగ్గర ఒకరడిగారు. వచ్చింది. నెత్తళ్లే ఎత్తుకుపోయింది. కాకులన్నీ అంతేలెండి అన్నాడు మావయ్య.