లాంతరు వెంట రోతెన్‌బర్గ్

జర్మనీలో టౌబర్ నది ఒడ్డున, కొండ మీద రోతెన్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. చీకటి పడ్డాక ఊరి నడిబొడ్డుకు నల్లటి అంగీ తొడుక్కుని, లాంతరు పట్టుకుని, పూర్వకాలపు రాత్రి కాపలాదారు వేషంలో ఒకాయన వస్తాడు. కథలు చెబుతూ రాళ్లు పరిచిన సందుల్లో సందర్శకులను నడిపిస్తాడు.

ఆ రోజుల్లో కాపలాదారుకు దొంగలకన్నా నిప్పంటేనే ఎక్కువ భయం. ఇళ్లకు వాడినది కలప మరి!

యుద్ధాలూ ఊరిని వదల్లేదు. 1631లో సేనాధిపతి టిల్లీ దళాలు ఊరిని పట్టుకున్నాయి. టిల్లీ విసిరిన సవాలుకు ఒప్పుకుని మేయరు నూష్ 3.25 లీటర్ల ద్రాక్షసారా ఒక్క గుక్కలో తాగి ఊరిని గట్టెక్కించాడంటారు. అది కథే. 1945 మార్చి 31న పడ్డ బాంబులు మాత్రం నిజం. తూర్పు పేటలు కాలిపోయాయి, కోటగోడ కొంత కూలింది. దేశదేశాల దాతల విరాళాలతో గోడను మళ్లీ కట్టారు. వాళ్ల పేర్లు ఆ గోడ రాళ్ల మీదే చదువుకోవచ్చు.