గర్భస్థ శిశువు గుండె పరీక్ష పల్లెకును అందవలెను

పంచాయతీ సభ్యులారా!

పుట్టు ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 మందికి గుండెలో లోపముండును. గర్భము 18 - 24 వారముల నడుమ స్కానింగు చేసినచో తీవ్రలోపములు పెక్కు తెలియును. ముందుగా తెలిసినచో, గుండె వైద్యులున్న ఆసుపత్రిలో కాన్పు జరిపి, బిడ్డకు వెంటనే చికిత్స చేయింపవచ్చును.

పట్టణపు తల్లికి దొరకు ఈ మేలు, దూరభారముచేతనో, నాటికూలి పోవునను భయముచేతనో పల్లెతల్లికి తప్పిపోరాదు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. ఆశా కార్యకర్తతో కలిసి మీ వార్డులోని గర్భిణుల జాబితా సరిచూడుడు; బండి ఏర్పాటు చేయుడు.

లోపము బయటపడిన యింట తల్లిని నిందింపనీయకుడు. భార్యాభర్తలిరువురును వైద్యునితో తీరికగా మాటలాడవలెను. నిర్ణయము వారిది, దారి చూపుట మనది. మేము కోరునది ఇంతియే.